ముప్ఫై ఒక్క వేల అడుగులు

"ఒక్క రోజులో ముప్ఫై ఒక్క వేలా!" వ్యాయామం టీచర్ బొజెనా కాగితాన్ని వేలితో పొడిచింది. "నా క్లాసులో ఒక్క అడుగు వెయ్యవు. కళ్ళు తిరుగుతున్నాయని మీ అమ్మతో చీటీ రాయించుకొచ్చి బెంచీ మీద కూర్చుంటావు. ఇవెక్కడివే?"

"నడిచాను మేడమ్," అంది కలీనా, స్వెటర్ చేతులు వేళ్ళదాకా లాక్కుంటూ.

"ఎవరు, నువ్వా? మీ కుక్కా?"

"మాకు కుక్క లేదు మేడమ్."

ఆ వసంతంలో పోలండ్‌లోని రదోమ్ ఊళ్ళో బడుల మధ్య నడక పోటీ పెట్టారు. పిల్లలందరి చేతులకీ అడుగులు లెక్కపెట్టే పట్టీలు కట్టారు. గెలిచిన బడికి వారం రోజులు కొండల్లో విహారం. కలీనా చదివే బడి లైసియం, పై చదువులకి తయారుచేసే హైస్కూలు. అక్కడి పిల్లలు పుస్తకాల పురుగులు, ఆటల్లో ఓడిపోవడం వాళ్ళకి అలవాటే. పక్కనున్న వంటల బడి పిల్లలేమో సగం వారం హోటళ్ళలో పళ్ళేలు మోస్తూ పని నేర్చుకుంటారు. వాళ్ళతో నడిచి గెలవడం ఎవరి తరం? అలాంటిది ఈసారి కలీనా పుణ్యమా అని లైసియమే ముందుంది. అది మోసమని తేలితే బడి మొత్తానికీ పోటీ పోతుంది, కలీనా పరువూ పోతుంది. రేపటిలోగా ఆ లెక్కల మీద బొజెనా సంతకం పెట్టాలి.

మధ్యాహ్నం ఆమెకు దొంగ దొరికాడు. కంచె దగ్గర కలీనా తన రొట్టెల పొట్లాన్ని మిలోష్ చేతిలో పెడుతోంది. మిలోష్ వంటల బడి కుర్రాడు, హోటల్లో సర్వర్ పని నేర్చుకుంటున్నాడు. బొజెనాకు అంతా అర్థమైపోయింది. తిండి ఈ పిల్లది, నడక వాడిది!

కలీనా అటు వెళ్ళగానే వాణ్ణి పట్టుకుంది. "చేతులు చూపించరా!"

రెండు చేతులూ చాపాడు. ఒకటే పట్టీ. దాని మీద వాడి పేరే ఉంది.

"మరి నీకు రోజూ రొట్టెలెందుకిస్తుంది?"

"నాకేం తెలుసు మేడమ్? తన ఎదురుగానే తినమంటుంది. చీజ్ బాగుందా, వెన్న సరిపోయిందా అని అడుగుతుంది. తిన్నంతసేపూ నన్నే చూస్తుంది." వాడి చెవులు ఎర్రబడ్డాయి. "మావాళ్ళు ప్రేమంటున్నారు."

బొజెనాకు నవ్వొచ్చింది. ప్రేమ సంగతి తరవాత, పట్టీ సంగతేమిటి? కలీనా తల్లికి ఫోన్ చేసింది.

"మీ అమ్మాయి సాయంత్రాలు పరుగుకి వెళ్తుందాండీ?"

"అదా! బడినుంచి రాగానే గదిలో దూరి తలుపేసుకుంటుంది మేడమ్. బడిలోనే కడుపునిండా తిన్నానని భోజనానిక్కూడా రాదు."

"ఆ పట్టీ ఎవరికైనా ఇస్తోందా?"

"స్నానానికి కూడా తియ్యదండీ. దాంతో నాకే గొడవా లేదు. కింది ఫ్లాటావిడతోనే తలనొప్పి. తెల్లవార్లూ చీపురుకర్రతో కింది నుంచి కప్పుని పొడుస్తూ ఉంటుంది, నా నెత్తిమీద ఎవరే ఆ నడిచేది అని!"

బొజెనా ఫోన్ పెట్టేసి లెక్కల కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. పొద్దుటినుంచీ తను దొంగకోసం వెతుకుతోంది.

ఆ అడుగులన్నీ కలీనా ఖాళీ కడుపుతో వేసినవే.