స్మారకం తప్పింది

విగ్రహాల మీద ఆగ్రహించే హక్కును ప్రభుత్వం అందరికీ అనుగ్రహించాక, హైదరాబాదులో ఏ విగ్రహమూ నిగ్రహంగా నిలబడలేదు. స్మారకాలన్నీ మారకాలయ్యాయి. మనోభావాలు దెబ్బతిన్నవాడు ఫోన్‌లో ఒక్క నొక్కు నొక్కితే చాలు, ఆ కొత్తరకం కంచు దానంతటదే కరిగి, అతనికి నొచ్చిన చోటు నున్నగా అయిపోయేది.

మ్యాన్‌హోళ్లలో చనిపోయిన కార్మికుల స్మారకం దగ్గరికి బాలమణి మనవణ్ణి ఎత్తుకొని వచ్చింది. అలా పోయిన భర్త ఎల్లేశు ఫోటో ఒక్కటుంటే, విగ్రహానికి ఆ ముఖమే పెడతానని శిల్పి పట్టుకెళ్లి పోగొట్టాడు. ఇక మిగిలింది ఈ కంచు ముఖమే. పేరు పెట్టే ముందు బిడ్డను తాతకు చూపాలని ఆమె ఆశ.

“మీసమేది సారూ?” అని కాపలాదారును అడిగింది.

“అది మా కులపోళ్ల మీసమని ఎవరో నొక్కిండ్రు, పెద్దమ్మా.”

“కండ్లు?”

“ఎదురుంగ బంగారం దుకాణాన్ని గుర్రుగ చూస్తున్నయట.”

“నోరు?”

“సచ్చినోనికి నవ్వెందుకన్నరు.”

“మల్ల పెట్టరాదు?”

“తీసేటందుకే మీట ఉంది. పెట్టేటందుకు లేదు.”

ముఖంలో కుడి చెవి ఒక్కటే మిగిలింది. బాలమణి దానికి నోరు ఆనించింది.

“ఇంటున్నవా? మన కళవ్వకు కొడుకు పుట్టిండు. అచ్చం నీ పోలికే. నీ పేరే...”

కాపలాదారు ఫోన్ మోగింది. నడిరోడ్డు మీద విగ్రహంతో ముచ్చట్లేమిటని ఎవరికో నొచ్చిందట. ఆమె పెదవుల కిందే చెవి వెచ్చబడి చెంపలో కలిసిపోయింది.

చుట్టూ జనం ఫోన్లు ఎత్తి చూస్తున్నారు. బాలమణి గబగబా మనవడి ముఖం మీదికి కొంగు లాగింది.