వినబడగానే నొక్కండి

"కారు చప్పుడు వినబడగానే నొక్కండి. వెనక్కి తిరగొద్దు. మాట్లాడుకోవద్దు."

ఇంజనీరు రోజూ చెప్పే మాటే మళ్ళీ చెప్పాడు. వరసగా వేసిన కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు బుద్ధిగా తలలూపి, చేతిలోని బటన్ల మీద వేళ్ళు పెట్టుకున్నారు.

వాళ్ళ వీపుల వెనక గోడ లేదు, నల్లటి తెర ఉంది. తెర అవతల కంపెనీ సొంత రోడ్డు. గంట మోగగానే ఆ చివర డ్రైవరు కరెంటు కారు తీసి, ఒకే వేగంతో ఇటు తోలుకొస్తాడు. గదిలో కంప్యూటరు సెకన్లు లెక్కపెడుతుంది. ఎవరు ఎప్పుడు నొక్కారో చూసి, కారు ఎంత దూరంలో ఉండగా వినబడిందో అదే లెక్క కట్టేస్తుంది.

కరెంటు కారుకి సొంత చప్పుడంటూ ఉండదు. అందుకని ముందు భాగంలో స్పీకరు బిగించి, ఇంజను మోతలాంటిదొకటి తయారుచేసి పెడతారు. ఆ మోత తయారుచేయడమే ఇంజనీరు ఉద్యోగం. అది ఎంత ఉండాలన్న దగ్గరే తగువు.

"జనం ఈ కారు కొనేదే నిశ్శబ్దం కోసమయ్యా," అనేవాడు మేనేజరు. "దానికి పిండిమర తగిలిస్తానంటావేంటి? వీళ్ళకి వినబడుతున్నంతవరకూ తగ్గించుకుంటూ పో."

తగ్గించొద్దని బతిమాలే మనిషి ఒక్కతే ఉంది. ఇంట్లో బట్టలు కుట్టుకుని బతికే మనిషి. కంపెనీ గేటు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, చివరికి ఇంజనీరును పట్టుకుంది.

"ఇంటి ముందేనన్నా. నేను లోపల మిషను తొక్కుతున్నా. వాడు సందులో ఆడుకుంటున్నాడు. ఎవరిదో కరెంటు కారు, వెనక్కి వచ్చిందట. నాకు ఏ చప్పుడూ వినబడలేదు. కాస్త మోత ఉన్నా మిషను వదిలేసి పరిగెత్తేదాన్ని. పెద్ద మోత పెట్టండన్నా. ఇంకో తల్లికైనా వినబడాలి."

పోయేనాటికి ఆవిడ కొడుక్కి అయిదేళ్ళు. ఇంజనీరు గుండె తరుక్కుపోయింది. వినేవాళ్ళ కుర్చీల్లో ఆవిడకీ ఒకటి ఇప్పించాడు. ఇలాంటి మనిషి ఒక్కసారి 'నాకు వినబడలేదు' అంటే చాలు, మేనేజరు నోరు మూతపడుతుందని ఆశపడ్డాడు.

జరిగింది వేరు. రోజూ అందరికన్నా ముందు ఆవిడ బటనే టిక్కుమనేది. వెంటనే పక్కనున్న రిటైరైన మాస్టారిది. ఆ వెనకే మిగతావాళ్ళవి. కారు ఎక్కడో ఉండగానే! మోత తగ్గిస్తే ఆలస్యంగా నొక్కాలి కదా? ఊహూఁ, ఎంత తగ్గించినా అంతే.

"నీ చెవులకో దణ్ణమమ్మా," అన్నాడు మాస్టారు. "నీ పక్కన కూర్చున్నాక నాకూ భేషుగ్గా వినబడుతోంది. ఇంట్లో మా ఆవిడ కేకేస్తే మాత్రం వినబడదనుకో."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

మేనేజరు ముఖం చేటంతయింది. "ఇంకా తగ్గించు," అన్నాడు.

ఆఖరి పరీక్ష రోజున ఇంజనీరు ఆవిడను వరండాలోకి పిలిచాడు. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"చూడమ్మా, నువ్వు అంత ముందే నొక్కేస్తుంటే వాళ్ళు తగ్గిస్తూనే పోతున్నారు. ఇవాళ ఏది తేలితే అదే అన్ని కార్లకీ. ఇక మార్చరు. కాస్త ఆగి నొక్కు. అబద్ధమే, నాకూ తెలుసు. ఎవరి కొంపా ముంచే అబద్ధం కాదుగా?"

ఆవిడ సూది గుచ్చుకుని గరుకెక్కిన తన వేళ్ళకేసి చూసుకుంది.

"ఆగుదామనే అనుకుంటానన్నా. చప్పుడు వినబడ్డాక ఎలా ఆగేది? నేను ఆగితే, అక్కడ వాడు..." బటను నొక్కే వేలును కొంగులో చుట్టుకుంది. "ఈ వేలు నా మాట వినదన్నా."

ఇంజనీరు ఆవిడ వెనకే గదిలోకి నడిచాడు.

ఆ రోజు మేనేజరు స్వయంగా వచ్చి కూర్చున్నాడు. మోతను అట్టడుగుకి దింపించాడు. ఈగ ఎగిరినంత చప్పుడు కూడా ఉండదది. ఈ ఒక్కసారికి ఎవరికీ వినబడకుండా చూడు దేవుడా అని ఇంజనీరు మొక్కుకున్నాడు. చప్పుళ్ళు చేసి బతికేవాడు అలా మొక్కుకోవాల్సి రావడం ఏం ఖర్మో.

గంట మోగింది.

చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. ఆవిడ కళ్ళు మూసుకుంది. మెడ నరాలు బిగుసుకున్నాయి. ఎవరినో పిలుస్తున్నట్టు పెదవులు కదిలాయి.

టిక్.

వెంటనే మాస్టారు. ఆ వెనకే టకటకా అందరూ.

కంప్యూటరు దూరం చూపించింది. ఇదివరకటికన్నా ఎక్కువే. మేనేజరు చప్పట్లు కొట్టాడు.

"చూశావటయ్యా! నేను చెబితే విన్నావా? ఇదే ఖాయం!" అంటూ అక్కడికక్కడే ఫ్యాక్టరీకి ఫోను చేసి చెప్పేసి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. మాస్టారూ మిగతావాళ్ళూ టీకి లేచారు.

ఆవిడ లేవలేదు. బటను మీద వేలు అలాగే ఉంది. చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి. ఇంజనీరుకు ఆవిడ మీద కోపం వచ్చింది, ఆ కోపానికి సిగ్గూ వేసింది. ఇంత సన్నటి మోత పట్టేసిన మనిషికి ఆ రోజు సందులో కారు వినబడకపోవడమేమిటో అతనికి ఎంతకీ అంతుపట్టలేదు.

అంతలో తెర తొలగించుకుని డ్రైవరు హడావిడిగా లోపలికి వచ్చాడు.

"టైరు పంక్చరై ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి సార్, బండి ఇంకా షెడ్డులోంచి తీయనేలేదు, ఇప్పుడు తెమ్మంటారా?"