కుక్కల గాజు

కుక్కల గాజు లేకుండా వీధిలో తిరిగే రోజులు పోయాయి. ఆ గాజు చేతికుంటే వీధికుక్కలు తప్పుకుంటాయి, లేకుంటే మీదపడతాయి.

చెల్లెల్ని గుమ్మంలోంచే సాగనంపితే అదే చివరిచూపయింది. అందుకే సూరీడమ్మ, అక్క పైడితల్లిని బస్సు దాకా దిగబెడదామనుకుంది. బొట్టుపెట్టి, గాజులు తొడిగింది. అక్క ముందు నడిచింది.

తాళం వేసి గేటు దాటగానే ఐదు కుక్కలు ఎగబడ్డాయి. సూరీడమ్మ లోపలికి దూకి చెయ్యి చూసుకుంది. పసుపంటుతుందని గాజుల పళ్ళెంలో తీసిపెట్టిన తన కుక్కల గాజునీ అక్కకే తొడిగేసింది!

కుక్కల గాజులిచ్చే ఆఫీసుకి ఫోన్ చేసింది.

"కొత్తది వారంలో వస్తుంది మామ్మా."

"బస్సు వారం ఆగుద్దేంట్రా? అక్కోయ్, ఆగవే!"

మొరుగుడులో కేక మునిగిపోయింది. మలుపులో పైడితల్లి వెనక్కి తిరిగి నవ్వింది.

"నడవలేవులే, అక్కడే ఉండవే!"

గాజుల చెయ్యి ఊపి బస్సెక్కింది.