రెండు చుక్కల నూనె

తన ఇంటి తాళాన్ని తనే దొంగతనంగా తీయడానికి తాళాల మేస్త్రికి నాలుగు నిమిషాలు పట్టింది. తాళంచెవి చొక్కా జేబులోనే ఉంది. కానీ దొంగ దగ్గర తాళంచెవి ఉండదు కదా! ఏ పనైనా పద్ధతిగా జరగాలి.

నిజానికి గడ్డపారతో ఒక్క పోటు పొడిస్తే సరిపోయేది. గడ్డపార తెచ్చుకున్నాడు కూడా. ఎత్తాడు, దించాడు. ఇరవై ఏళ్ళుగా తాళాల మీద బతుకుతున్నవాడికి తాళాన్ని పగలగొట్టడానికి చెయ్యి రాలేదు. చివరికి రెండు ఇనప పుల్లలు దూర్చి, చెవి ఆనించి, పసిపిల్ల నోట్లోంచి గోలీ తీసినంత సుతారంగా తీశాడు. లోపలికెళ్ళి బీరువా తలుపులు బార్లా తెరిచాడు. నాలుగు బట్టలు కింద పడేసి, ఏమీ ఎరగనట్టు దుకాణానికి వెళ్ళిపోయాడు.

బీరువాలోంచి పోయిందేమీ లేదు. పోవడానికి అసలు ఏదైనా ఉంటే కదా!

ఇదంతా క్రిస్మస్ కానుకల వల్ల వచ్చిన తంటా. అత్తగారికి ముగ్గురు కూతుళ్ళు. ప్రతి అల్లుడూ మిగతా ఇద్దరల్లుళ్ళ పిల్లలకీ కానుకలు కొనాలి, కొన్నవాటి మీద ధర చీటీ చింపకూడదు. ఇది ఆవిడ శాసనం. సైజు చాలకపోతే మార్చుకోవచ్చని పైకి చెబుతుంది. పండగ రోజు మనవల్ని వరసగా కూర్చోబెట్టి, ఒక్కో పొట్లం విప్పి, చీటీ మీద ధర అందరికీ వినబడేలా చదువుతుంది. పోయినేడు మేస్త్రి తెచ్చిన రంగు పెన్సిళ్ళ చీటీని కళ్ళద్దాలకి దగ్గరగా పెట్టి చూసింది, దూరంగా పెట్టి చూసింది. “ఒక సున్నా చెరిగిపోయినట్టుంది అల్లుడూ,” అంది. ఆ పూట మేస్త్రి భార్య భోజనం ముట్టలేదు.

ఈసారైనా తలెత్తుకోవాలని ఆమె ఏడాదంతా బట్టలు కుట్టి డబ్బు కూడబెట్టి మొగుడి చేతిలో పెట్టింది. సరిగ్గా ఆ వారమే దుకాణంలో తాళంచెవులు కోసే మెషీన్ మోటారు కాలిపోయింది. మోటారు మార్పించి, పండగకింకా రెండు నెలలుంది, ఈలోపు సంపాదించి కొందాంలే అనుకున్నాడు మేస్త్రి. ఏం లాభం? ఆ రెండు నెలలూ ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు తాళంచెవి పారేసుకోలేదు. “కొనేశాను, బీరువాలో పెట్టి తాళం వేశాను, పండగ దాకా చూడకు,” అని ఇంట్లో అబద్ధమాడాడు. ఆమె నమ్మింది. ఆ నమ్మకమే అతన్ని లోపల్లోపల తినేస్తోంది.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, తెరిచి ఉన్న బీరువా చూసి బావురుమంది. మేస్త్రి దుకాణంలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఇరుగుపొరుగు అయ్యో పాపం అంటారు, కబురు అత్తగారికి చేరుతుంది, గండం గడుస్తుంది. అతను అనుకున్నది అంతవరకే. ఆమె ఏడుస్తూ ఏడుస్తూనే పెద్దబావకి ఫోన్ చేసేసింది. పెద్దబావ అంటే అత్తగారి పెద్దల్లుడు. ఆ పేట పోలీస్ స్టేషన్‌కి ఎస్సై.

పది నిమిషాల్లో ఎస్సై ఒంటరిగా దిగాడు.

“ఏడవకమ్మాయ్. వెళ్ళి టీ పెట్టు,” అని మరదల్ని వంటింట్లోకి పంపి, ఎస్సై జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. “ఏమేం పోయాయి తమ్ముడూ?”

పోయినవాటికి డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి మేస్త్రి ధారాళంగా చెప్పాడు. “టెలిస్కోపు, బొమ్మల ఇల్లు, చక్రాల బూట్లు, కరెంటు రైలు, ఒక సైకిలు…”

“బీరువాలో సైకిలా?”

“మడతపెట్టేది, అన్నయ్యగారూ.”

ఎస్సై పుస్తకంలో సైకిలు అన్న మాట మీద గీత కొట్టేశాడు. గుమ్మం దగ్గరికెళ్ళి తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “గీత కూడా పడలేదే! ఎంతసేపు పట్టి ఉంటుంది?”

“నాలుగు నిమిషాలు,” అనేసి నాలిక కరుచుకున్నాడు మేస్త్రి. “అంటే, సుమారుగా.”

“చప్పుడు?”

“పెద్దగా రాదండి.”

“తలుపు పాడవదుగా?”

“పాడవదు.”

“అదే ఏడు లివర్ల తాళమైతే?”

“ఇంకో పది నిమిషాలు.” ప్రతి జవాబుకీ మెడకి ఉచ్చు బిగుస్తోందని తెలుస్తూనే ఉంది. కానీ పని గురించి అడిగితే తప్పు చెప్పడం అతనికి చేతకాదు.

ఎస్సై తాళం మీద వేలు రాశాడు. వేలు మెరిసింది. వాసన చూశాడు.

“నూనె. ఇవాళే వేసింది,” అన్నాడు. “నా సర్వీసులో గోడ దూకిన దొంగని చూశాను, కుక్కకి బిస్కెట్ వేసిన దొంగని చూశాను. తీసిన తాళానికి రెండు చుక్కలు నూనె వేసి వెళ్ళిన దొంగని మాత్రం చూళ్ళేదు.”

మేస్త్రికి వేసినట్టు గుర్తు కూడా లేదు. ఏ తాళం తీసినా రెండు చుక్కలు వెయ్యడం చేతికున్న అలవాటు.

“ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు,” అన్నాడు ఎస్సై. “ఆయనకి ఖాకీ బట్టలు లేవు మరి.”

మేస్త్రి కుర్చీలో కూలబడ్డాడు. “నన్ను లోపలెయ్యండి అన్నయ్యగారూ, మీ మరదలికి మాత్రం చెప్పకండి. ఏడాది పొడుగునా కుట్టిన కష్టం. మోటారుకి తగలేశాను.” కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

వంటింట్లో కప్పుల చప్పుడైంది. ఎస్సై అటు ఓ కన్నేసి, పుస్తకంలో ‘గుర్తు తెలియని దొంగ’ అని రాసి మూశాడు. మేస్త్రి పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

“మా బీరువాలోనూ కానుకలున్నాయనే మీ వదినకి చెప్పాను. రేపు పదకొండింటికి తను ఇంట్లో ఉండదు, వచ్చెయ్. నూనె మాత్రం వెయ్యకు.”