జుమానా ఆడిన అబద్ధం

"అవ్వా, తప్పుకో! ఒంటెలు తొక్కేస్తాయి!"

బావి గట్టు మీద కూర్చున్న ముసలమ్మ కదల్లేదు.

షాం దేశం నుంచి గోధుమలు వేసుకుని మక్కాకు తిరిగి వెళ్తున్న బిడారు అది. నాయకుడు దిరార్. బిడారు నడపడం అతనికి ఇదే మొదలు. ఆ ఏడు మక్కాలో కరువు. ఊరు ఊరంతా ఈ ఒంటెల కోసం కళ్లలో ఒత్తులు వేసుకుని చూస్తోంది.

"ఎవరి అబ్బాయివి నాయనా?" అంది ముసలమ్మ.

"హారిసా కొడుకుని. దిరార్ అంటారు."

ముసలమ్మ లేచి నిలబడింది. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని అతని మొహంలోకి చాలాసేపు చూసింది.

"కనుమ దాకా నేనూ వస్తాను. మా గుడారాలు అక్కడే."

"నీ గాడిద మా ఒంటెలతో సమానంగా నడుస్తుందా?"

"నీ నోరు నడిచినంత జోరుగా నడవదులే. కానీ చేరుతుంది."

బిడారులో అందరూ గొల్లున నవ్వారు. దిరార్‌కు ఒళ్లు మండింది. అయినా ఎడారిలో తోడు అడిగినవాళ్లను కాదనకూడదు.

దారిలో ముసలమ్మ ఊరుకోలేదు.

"ఆ కుంటి ఒంటె మీద బరువు తగ్గించు నాయనా. నీళ్లు ఒక్కసారే తాగెయ్యకు."

"నాకు ఎడారి గురించి చెప్పకు అవ్వా! ఏనుగుల దండు మక్కా మీదికొచ్చిన ఏడాది పుట్టినవాణ్ణి. బనూ రిమాల్ తెగ గుడారాల్లో పాలు తాగి పెరిగినవాణ్ణి."

"బనూ రిమాల్ వాళ్లా?"

"మరి? మక్కాలో పెద్దింటి పసిబిడ్డల్ని పాలిచ్చి పెంచమని పంపేది వాళ్ల ఆడవాళ్ల దగ్గరికేగా! మీలాంటి మేకలు కాసుకునే తెగకు మా బిడ్డల్ని ఎవరిస్తారు?"

ముసలమ్మ గాడిద మెడ నిమిరింది.

"నిజమే. ఎవరిస్తారు!"



బిడారు కనుమలోకి దిగింది. ఒక్కసారిగా రెండు వైపులా గుర్రాలు, బల్లాలు.

ముందున్నవాడు బక్కపల్చగా, నల్లగా ఉన్నాడు.

"ఒంటెలు, సరుకు వదిలేసి నడవండి. ప్రాణాలు మీవే, ఉంచుకోండి."

దిరార్ కత్తి దూశాడు. "గింజ కూడా ఇవ్వను! మక్కాలో తిరగళ్లు ఖాళీగా ఉన్నాయి."

"మా గుడారాల్లో తిరగళ్లే లేవు. అమ్ముకుని తినేశాం!"

బల్లెం లేచింది.

ఇద్దరి మధ్యకూ గాడిద వచ్చి నిలబడింది.

"జందల్! దించరా దాన్ని!"

బక్కవాడు నోరు తెరిచాడు. "అమ్మా? నువ్వెక్కణ్ణించి వచ్చావు?"

"మీ అక్కను చూసి వస్తున్నా. నేను ఇల్లు కదిలితే చాలు, నువ్వు చేసే పని ఇదా?"

"పక్కకు జరుగమ్మా. పిల్లలు పస్తులున్నారు."

"వీడు కూడా నా పిల్లాడేరా. నా పాలు తాగాడు. నీతోపాటే ఈ ఒళ్లోనే పెరిగాడు. ఇప్పుడు పొడుస్తావా? పొడువు!"

ఎడారిలో పాలు పంచుకున్నవాడికీ, నెత్తురు పంచుకున్నవాడికీ తేడా లేదు.

జందల్ గుర్రం దిగాడు. దిరార్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"నా వాటా తాగింది నువ్వా? అందుకేరా నేనిలా ఎండుపుల్లలా మిగిలాను!"

గట్టిగా వాటేసుకున్నాడు. గుర్రాల మీద వాళ్లంతా విరగబడి నవ్వారు. దిరార్ కూడా సమయానికి తగ్గట్టు, "అన్నా!" అన్నాడు.

అన్న గుడారాల్లో పిల్లలు ఆకలితో ఉంటే తమ్ముడు ఊరికే పోలేడు. దిరార్ కొన్ని బస్తాలు దింపించాడు. బల్లాలు ఎత్తినవాళ్లే ఇప్పుడు బిడారుకు కాపలాగా బయల్దేరారు.

కదిలే ముందు దిరార్ ముసలమ్మ చెవిలో గుసగుసలాడాడు.

"అవ్వా, భలే బొంకావు! కన్నకొడుకే నమ్మేశాడు!"

ముసలమ్మ బోసినోటితో నవ్వింది.

"తల్లి చెబితే కొడుకు నమ్మకపోతాడా?"

అతని తల మీద చెయ్యి ఆన్చింది. తర్వాత గాడిదను గుడారాల వైపు మళ్లించింది.

బిడారు వస్తోందని తెలిసి మక్కా మొత్తం ఎదురొచ్చింది. డప్పులు మోగాయి. ఆడవాళ్లు మిద్దెలెక్కి కేకలు పెట్టారు. పొద్దు వాలకముందే వీధి వీధినా తిరగళ్లు తిరిగాయి. జనం దిరార్‌ను భుజాలకెత్తుకుని కాబా చుట్టూ తిప్పారు.

ఇంటి ముంగిట విందు. మాంసం పులుసులో నానిన రొట్టెలు. దిరార్ ముసలమ్మ గొంతు అనుకరిస్తూ కథంతా చెబుతుంటే, తినేవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

"కాబా దేవుడి మీద ఒట్టు! అంత చక్కగా అబద్ధమాడే మనిషిని నేను చూడలేదు. జుమానా అట ఆవిడ పేరు, కాపలా వచ్చినవాళ్లు చెప్పారు!"

వడ్డిస్తున్న తల్లి చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నావు? జుమానానా?"

"అవును. ఏమ్మా?"

పక్కనే కూర్చున్న బాబాయి గబుక్కున అందుకున్నాడు. "వదినా, పదిమందిలో ఎందుకిప్పుడు..."

"పదిమందిలోనే చెప్పాలి మరిదీ."

ఆమె గిన్నె కింద పెట్టింది.

"ఆవిడ బొంకలేదురా దిరార్. మీ బాబాయిలూ నేనూ బొంకాం, పరువు కోసం. నువ్వు కడుపులో ఉండగానే మీ నాన్న పోయాడు. తండ్రి లేని బిడ్డకు పెట్టుపోతలు ఎవరు చేస్తారని బనూ రిమాల్ ఆడవాళ్లంతా మొహం తిప్పుకుని వెళ్లిపోయిన రోజున, నా చేతుల్లోంచి నిన్ను లాక్కుని, 'వీడు నాకు కావాలి' అని నడివీధిలోనే కూర్చుని పాలు పట్టిన తల్లి ఆ జుమానాయే."