మూడో కెమెరా కింద

ఆ మీసాల గార్డంటే మేస్త్రీకి ఒళ్ళుమంట. ఇంత పెద్ద మాల్‌లో ఎన్ని బెంచీలు లేవు? ఎవరెవరో గంటలకొద్దీ కూలబడతారు. లేపేది మాత్రం తననే.

"లే బాబాయ్, లే. రోజూ ఇదే బెంచీయా?"

"ఏం, మీ తాత చేయించి పెట్టాడా దీన్ని?"

"అటు చివర ఖాళీగా ఉందిగా, అక్కడ కూర్చో."

"అక్కడ వెలుతురు చాలదు."

ఈ నేలకి టైల్స్ వేసినవాళ్ళల్లో మేస్త్రీ కూడా ఒకడు. అప్పుడే అనుకున్నాడు, ఇదేం కట్టడంరా నాయనా అని. ఒక చాటు లేదు, ఒక మరుగు లేదు. స్తంభాలు కూడా మనిషి వెనక నక్కలేనంత సన్నం. ఎక్కడ నిలబడ్డా ఏదో ఒక కెమెరా చూస్తూనే ఉంటుంది.

జనం వాటి కింద నుంచి తల వంచుకుని గబగబా పోతారు. మేస్త్రీ మాత్రం మూడో కెమెరాకి ఎదురుగా, మొహం ఎత్తి కూర్చుంటాడు. ఇవాళ గడ్డం గీయించుకుని, పచ్చ చొక్కా కొత్తది తొడుక్కొచ్చాడు. రెండుసార్లు లేచి అటూ ఇటూ కుంటుకుంటూ నడిచాడు కూడా.

"నిజం చెప్పు బాబాయ్, ఏంటి నీ కథ?"

"కథేముంది? ఇంట్లో గోడలు తప్ప ఎవరూ లేరు. ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు. ఇక్కణ్ణుంచీ తరిమేస్తే నాకింకో చోటు లేదయ్యా."

గార్డు మెత్తబడ్డాడు. "నాదేం పోయింది, కూర్చో. పైన కెమెరా తెరల ముందు కూర్చునేవాళ్ళు ఊరుకోవాలిగా! వాళ్ళ మొహాలు నేనే చూడలేదు. వైర్‌లెస్‌లో గొంతు వస్తుంది, అంతే."

అంటుండగానే అతని నడుముకున్న వైర్‌లెస్ గరగరమంది. పక్కకెళ్ళి, విని వచ్చాడు.

"అయిపోయింది బాబాయ్. పంపించెయ్యమన్నారు."

మేస్త్రీ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏమన్నారో ఉన్నదున్నట్టు చెప్పు."

"ఆ పచ్చ చొక్కా ఆయన్ని బయటికి పంపు, మళ్ళీ రానివ్వకు అన్నారు."

"పచ్చ చొక్కా అన్నారా?"

"ఆఁ."

"ఇంకా?"

"కుంటుతున్నాడు, మెట్ల మీద వద్దు, లిఫ్ట్‌లో దింపు అన్నారు."

మేస్త్రీ తువ్వాలుతో కళ్ళు ఒత్తుకుని, కెమెరా వంక చూసి నవ్వాడు.

"గెంటేస్తుంటే మురిసిపోతావేంటి బాబాయ్!"

మేస్త్రీ లిఫ్ట్ ఎక్కాడు. లిఫ్ట్‌లోనూ ఒక కెమెరా ఉంది. దాని కింద నిలబడి, కాలరు సరిచేసుకున్నాడు.

పైన తెరల ముందు కూర్చునేది అతని ఫోన్ ఎత్తని కూతురు.