ప్రయాణంలో ఉన్నవాళ్ళ పేర్లు

"చెయ్యి చూపించు."

గుడి గేటు దగ్గర పీట మీద కూర్చుని ఇన్సాఫ్ ఆడవాళ్ళందరినీ అడిగేది ఆ ఒక్క మాటే. కుడి మణికట్టు మీద సిలువ పచ్చబొట్టు కనిపించిందా, లోపలికి. లేదా, వచ్చిన దారినే వెనక్కి. పక్క ఊళ్ళో గుడి మీద దాడి జరిగినప్పటినుంచీ ఈ నైలు ఒడ్డు గుళ్ళన్నిట్లో ఇదే పద్ధతి.

ఆ ఆదివారం ఒక నల్లటామె చెయ్యి చాపింది. మణికట్టు మీద ఏమీ లేదు.

"మావైపు పొడిపించుకోరమ్మా," అంది. మాటలో సూడాన్ యాస.

అందరూ అదే చెప్తారు, దారికడ్డం జరగమంది ఇన్సాఫ్. ఆమె జరగలేదు. లోపల అబూనాతో ఒక్క మాట చెప్పుకుని వెళ్ళిపోతానని బతిమాలింది. ఆ మాటేదో నాతో చెప్పు, ఫాదరుగారికి నేను చేరవేస్తానంది ఇన్సాఫ్.

ఆమె ఇన్సాఫ్ మొహంలోకి చాలాసేపు చూసింది.

"నీతో చెప్పేది కాదమ్మా."

ఇన్సాఫ్‌కి ఒళ్ళు మండిపోయింది. "ఓహో, మహారాణీ గారికి నేను ఆననా?"

కుర్చీలో కునికిపాట్లు పడుతున్న పోలీసు ఒక కన్ను తెరిచాడు. దేశంలో ఉండటానికి కాగితాల్లేని మనిషి కాబోలు, ఆమె గబగబా వీధి దాటి ఎదురు గోడ నీడకి పోయింది.

ఇన్సాఫ్ చెడ్డది కాదు. కొడుకు అబనూబ్ కూలిపనికని లిబియా వెళ్ళి, కబురాగిపోయినప్పటినుంచీ మనిషి గట్టిపడింది, అంతే. గుళ్ళో మొదట రోగుల కోసం, తర్వాత ప్రయాణంలో ఉన్నవాళ్ళ కోసం, ఆఖర్న పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేస్తారు. ప్రతి ఆదివారం అబూనా సిదరాక్ గేటులోకి రాగానే ఇన్సాఫ్ లేచి, "మావాడి పేరు ప్రయాణంలో ఉన్నవాళ్ళలోనే చదవండి అబూనా," అని గుర్తుచేస్తుంది. ఇన్నేళ్ళయ్యాక ఇంకా ప్రయాణమేమిటని ఆడపడుచు ఒకసారి నోరుజారింది. నీ నోట్లో మన్ను పడ అని తిట్టి, ఇన్సాఫ్ ఆ గడప తొక్కడం మానేసింది.

మళ్ళీ ఆదివారం ఆ సూడాన్ ఆమె మళ్ళీ వచ్చింది. ఈసారి దగ్గు. నిలబడలేక గేటు ఊచ పట్టుకుంది. ఆమె ఇన్సాఫ్ మణికట్టు మీది సిలువ వైపు వేలు చాపింది. ఇన్సాఫ్ చప్పున చెయ్యి లాక్కుంది.

"గాజు మీద పడిందా కన్ను?"

"కాదమ్మా," అంది ఆమె. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒంట్లో బాగుంటోందా నీకు? వేళకి తింటున్నావా?"

"నా తిండితో నీకేం పనే?"

ఆరాధనయ్యాక ఇన్సాఫ్ తన వంతు దీవెన రొట్టెతో బయటికొచ్చింది. ఆమె ఇంకా గోడవారనే కూర్చుని ఉంది. రొట్టె సగం తుంచి ఇద్దామా అనిపించింది. ఇవాళ పెడితే రేపు ఇంకో పదిమందిని వెంటేసుకొస్తుందని సంచిలో వేసేసుకుంది.

కానీ ఆ చూపు ఇంటిదాకా వచ్చింది. బాకలా చిక్కుడు గింజలు ఉడకేస్తుంటే అదే చూపు, బట్టలారేస్తుంటే అదే చూపు. నా తిండి సంగతి దానికెందుకు? ఆ వారమంతా ఇన్సాఫ్‌కి ముద్ద గొంతు దిగలేదు.

తర్వాతి ఆదివారం గోడవార ఎవరూ లేరు. పీడ వదిలిందనుకుంది ఇన్సాఫ్. అనుకుందే గానీ, చేతులు చూడ్డం మాని అటే చూస్తోంది.

అబూనా ఆలస్యంగా వచ్చాడు. కారులో కాదు, పెద్దాసుపత్రి వైపునుంచి నడిచి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మావాడి పేరు ప్రయాణంలో..." అంటూ ఇన్సాఫ్ లేచింది.

"లోపలికి రా ఇన్సాఫ్."

"మరి గేటు?"

"తెరిచే ఉండనీ."

ముందు బల్ల మీద కూర్చోబెట్టాడు. తనే వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చాడు. తల్లికి అర్థమైపోయింది.

అబూనా మెల్లగా చెప్పాడు. ఆ సూడాన్ ఆమె పేరు అచోల్. లిబియాలో ఒక తోటలో కూలీలకి వండిపెట్టేది. అబనూబ్‌కి జ్వరం తగిలితే, అంటుకుంటుందని తోటివాళ్ళంతా పాకలో వదిలేసి పోయారు. అచోల్ పోలేదు. చెంచాతో నీళ్ళు పోస్తూ, తుడుస్తూ, కొడుకులా చూసుకుంది. ఆమె ఒళ్ళోనే ప్రాణం పోయింది. తనే గొయ్యి తవ్వి పూడ్చి, పైన రాళ్ళతో సిలువ పేర్చింది. మా అమ్మకి కబురు చెప్పమని వాడు అడిగాడని ఎడారి దాటి వచ్చింది. రాత్రి ఆసుపత్రికి అబూనాని పిలిపించుకుని ఇదంతా చెప్పి, ఇవాళ తెల్లారుతుండగా పోయింది.

ఇన్సాఫ్ ఏడవలేదు.

"ఆ తల్లి నేనేనని ఆమెకి తెలీదుగా," అంది, అంతకంటే పట్టుకోవడానికి ఏమీ లేనట్టు.

"తెలుసు. మా అమ్మ గుడి గేటు దగ్గర కూర్చుని అందరి చేతులూ చూస్తుందని వాడు చెప్పాడట. మొదటిరోజే నీ మొహంలో వాణ్ణి పోల్చుకుంది."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు అబూనా? చెప్పమని అడిగానే!"

అబూనా ఆమె చేతిలోని గ్లాసు వైపు చూశాడు.

"'వీధిలో వింటే ఆ తల్లి పడిపోతుంది, లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి చెప్పండి' అని నన్ను అడగడానికే ఆమె లోపలికి రావాలనుకుంది."